దెబ్బతిన్న ఎలక్ట్రిక్ కారును షెడ్డులో పెట్టవచ్చా?

ప్రశ్న: స్టేషన్ ఘన్‌పూర్ దాటాక హైవే పక్కన మాకు ఒక మెకానిక్ షెడ్డు, ఒక క్రేన్ ఉన్నాయి. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద బండ్లు గుద్దుకున్నప్పుడు తరచుగా మాకే ఫోన్ వస్తుంది. మొన్న ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్న ఒక కారు డివైడర్ ఎక్కి ఆగింది. లోపలివాళ్లను దించడానికి ఊరి పిల్లలు ముందుకు పోతే, కరెంటు బండి కాబట్టి షాక్ కొడుతుందని కొందరు ఆపారు. మంట వస్తే నీళ్లు మాత్రం పోయవద్దని ఇంకొకరు అన్నారు. చివరికి అందరినీ క్షేమంగా దించాము, మంట కూడా రాలేదు. కారు ముందు భాగాన్ని క్రేన్‌తో లేపి, వెనుక చక్రాల మీద లాక్కొచ్చి షెడ్డులో పెట్టాను. కారు అడుగుభాగం బాగా నలిగింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఇంకా రాలేదు. ఇలాంటి బండ్ల దగ్గర ఎలా మసలుకోవాలి, ఎక్కడ పెట్టాలి? వరదలో మునిగిన బ్యాటరీ స్కూటర్లు కూడా మా దగ్గరికి వస్తుంటాయి. వాటి సంగతి ఏమిటి? – జనగామ జిల్లా పాఠకుడు

సమాధానం: అయ్యా, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికంటే ముందు ఆ కారును షెడ్డు నుంచి బయటికి తీయించే పని ఉంది. ఈ సమాధానం మిగతా భాగం ఆ తర్వాత చదివినా నష్టం లేదు. అయితే నేరుగా వెళ్లి కారు మీద చెయ్యి వేయకండి. కొంత దూరంలో నిలబడి, అడుగు నుంచి పొగగానీ ఆవిరి లాంటి తెల్లని మబ్బుగానీ వస్తున్నదేమో, బుసకొట్టినట్టో చిటపటమన్నట్టో చప్పుడు వినిపిస్తున్నదేమో, పెయింట్‌లో కలిపే థిన్నర్ వంటి ఘాటైన లేదా తియ్యని వాసన తగులుతున్నదేమో గమనించండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా షెడ్డులోని మనుషులందరినీ గాలి వీచే దిశకు ఎదురుగా దూరం పంపి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, అది ఎలక్ట్రిక్ కారు అనీ, బ్యాటరీ నలిగిందనీ, షెడ్డు లోపల ఉందనీ ఆ మూడు మాటలూ తప్పకుండా చెప్పండి. అటువంటి గుర్తులేవీ లేకపోతే, కారును ఆన్ చేయకుండా, నాలుగు చక్రాలూ పైకెక్కే బల్ల లారీ మీద ఆరుబయటికి చేర్చండి. చుట్టూ అన్ని వైపులా 50 అడుగులు, అంటే సుమారు 15 మీటర్ల మేర మరో బండి, గుడిసె, గడ్డివాము, ఎండిన కంప, పైన కరెంటు తీగలు లేని చోటు కావాలి. అంత జాగా దొరకకపోతే మూడు వైపులా మట్టికట్టగానీ కాంక్రీటు గోడగానీ అడ్డు ఉండేలా చూడండి. ఈలోగా షెడ్డులోని గ్యాస్ వెల్డింగ్ సిలిండర్లను, డీజిలు డబ్బాలను తీసి దూరంగా పెట్టించండి. రాత్రిపూట మీ కుర్రవాళ్లు ఎవరైనా షెడ్డులోనే పడుకునే అలవాటు ఉంటే, ఆ కారు బయటికి పోయేదాకా వద్దని చెప్పండి.

మంట రాని కారుకు ఇంత హడావిడి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ సాధారణంగా సీట్ల కింద, అడుగుభాగమంతా పరచుకొని ఉంటుంది. అందులో వందలు, కొన్ని నమూనాలలో వేల సంఖ్యలో లిథియం అయాన్ సెల్స్ ఉంటాయి. ఒక్కొక్క సెల్‌లో ధన, రుణ పొరలను వేరుచేస్తూ వెంట్రుకకన్నా పలుచని పొర ఒకటి ఉంటుంది. డివైడర్ అంచు తగిలి పెట్టె నలిగినప్పుడు ఆ పొర చిరిగితే, సెల్ లోపలే షార్ట్ సర్క్యూట్ మొదలవుతుంది. అప్పుడు పుట్టే వేడి మండే వాయువులను విడుదల చేస్తుంది, పక్క సెల్‌ను కూడా వేడెక్కిస్తుంది, ఆ సెల్ తన పక్కదాన్ని వేడెక్కిస్తుంది. ఇది కొన్నిసార్లు నిమిషాలలో జరుగుతుంది, కొన్నిసార్లు గంటలు పడుతుంది, కొన్నిసార్లు రోజులు గడిచాక బయటపడుతుంది. పైన నీళ్లు చల్లి ఆరిందనుకున్న గడ్డివాము లోలోపల రగులుతూ ఉండి మర్నాడు మళ్లీ అంటుకోవడం మన రైతులకు తెలిసిన సంగతే, ఇదీ అటువంటిదే. 2018 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో హైవే అడ్డుగోడను ఢీకొన్న ఒక ఎలక్ట్రిక్ కారు మంటలను అక్కడికక్కడ ఆర్పి యార్డుకు తరలిస్తే, ఐదు రోజుల తర్వాత అది ఆ యార్డులోనే మళ్లీ అంటుకుంది. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి అటువంటి ప్రమాదాలను పరిశీలించి 2020లో ఒక నివేదిక ఇచ్చింది. సహాయక సిబ్బందికి అధిక వోల్టేజి వల్ల కలిగే షాక్ ముప్పుతోపాటు, దెబ్బతిన్న బ్యాటరీలో మిగిలిపోయిన శక్తి వల్ల మళ్లీ మంట పుట్టే ముప్పు కూడా ఉందని అది స్పష్టంగా చెప్పింది. రోడ్డు మీద నిలబడి చూసేవారికి క్రేన్ వెళ్లిపోవడంతో ప్రమాదం ముగిసినట్టు కనిపిస్తుంది గానీ, ఎలక్ట్రిక్ బండి విషయంలో దాన్ని తీసుకెళ్లి పెట్టే చోటు కూడా ప్రమాద స్థలంలో భాగమే.

ఇక షాక్ సంగతి. ఊరి పిల్లలను ఆపినవారి భయం అర్థం చేసుకోదగినదే గానీ, ఆ భయంతో లోపల ఇరుక్కున్నవారిని వదిలేయడం మాత్రం సరికాదు. మన వీధుల్లో తిరిగే స్కూటర్ల బ్యాటరీలు ఎక్కువగా 48 నుంచి 72 వోల్టులవి, కార్లలో సాధారణంగా 300 నుంచి 400 వోల్టులు, కొన్నిటిలో అంతకుమించి కూడా ఉంటుంది. అది ప్రాణాంతకమైన డీసీ కరెంటే. అయితే కార్లలో ఆ సర్క్యూట్‌ను బాడీ రేకుకు కలపరు, ధన, రుణ తీగలు రెండూ బాడీతో సంబంధం లేకుండా విడిగా నడుస్తాయి. అందువల్ల ఒక్క చోట తీగ తెగి రేకుకు తగిలినంత మాత్రాన, తలుపు పట్టుకున్నవారికి షాక్ కొట్టే పరిస్థితి మామూలుగా రాదు. పైగా ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేంత దెబ్బ తగిలినప్పుడు బ్యాటరీ నుంచి బయటికి వెళ్లే కరెంటు దానంతటదే తెగిపోయేలా అనేక కార్లను రూపొందించారు. ఆ ఏర్పాటు పనిచేసిందో లేదో బయటి నుంచి తెలియదు కాబట్టి, నారింజ రంగు తొడుగు ఉన్న కేబుళ్లను, అవి చేరే పెట్టెలను, చిరిగిన బ్యాటరీ అడుగుభాగాన్ని ఎట్టి పరిస్థితులలోనూ ముట్టుకోకూడదు, కోయకూడదు. తలుపు తెరవడానికీ, మనిషిని దించడానికీ వాటిని తాకే అవసరం దాదాపుగా ఉండదు. సహాయం చేస్తే కేసులలో ఇరుక్కుంటామనే వెనుకంజ కూడా ఇలాంటి చోట్ల కనిపిస్తుంది. సద్బుద్ధితో ఆదుకున్నవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నదని మీ ఊరి యువకులకు చెప్పండి.

షాక్ కన్నా నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ కార్ల నిశ్శబ్దం. ఇంజను చప్పుడు లేనందున కారు ఆగిపోయిందని అందరూ అనుకుంటారు. లోపలివాళ్లను దించే తొందరలో ఎవరి మోకాలో యాక్సిలరేటర్‌కు తగిలితే అది ఒక్కసారిగా ముందుకు దూకవచ్చు. అందుకని ముందుగా చక్రాలకు రాళ్లో దుంగలో అడ్డం పెట్టాలి, కారుకు ఎదురుగా కాకుండా పక్క నుంచి చేరాలి, గేరును పార్కింగ్‌లోకి మార్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, పవర్ బటన్ నొక్కి ఆపాలి. తాళం జేబులో ఉంటేనే స్టార్టయ్యే రకమైతే ఆ తాళాన్ని కారు నుంచి దూరంగా పంపేయాలి. ఆ తర్వాత, తెలిసినవారు ఉంటే, 12 వోల్టుల చిన్న బ్యాటరీ మైనస్ తీగను తీసేయడం మంచిది. పెద్ద బ్యాటరీ కరెంటును బయటికి వదిలే స్విచ్చులు ఈ చిన్న బ్యాటరీ బలంతోనే మూసుకొని ఉంటాయి, అది తెగితే అవి తెరుచుకొని కరెంటు బయటికి రావడం ఆగిపోతుంది. కానీ అద్దాలు దించడం, సీటు వెనక్కి జరపడం, తలుపుల లాకు తీయడం కూడా ఆ 12 వోల్టులతోనే జరుగుతాయి కాబట్టి, అవసరమైతే ఆ పనులన్నీ ముందే చేసుకోవాలి. చిన్న బ్యాటరీ తీశాక కూడా కారులోని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. కంపెనీని బట్టి ఆ వ్యవధి మారుతుంది గనుక పది నిమిషాలు ఆగడం క్షేమం. ఇంత చేసినా పెద్ద బ్యాటరీ లోపల ఉన్న శక్తి అలాగే ఉంటుంది, దాన్ని స్విచ్చుతో ఆపలేము.

కారు చార్జింగ్‌లో ఉండగా మరో బండి వచ్చి ఢీకొన్న సందర్భమైతే, ముందు చార్జరుకు వచ్చే మెయిన్ ఆపించాలి. ఆ పనికి హనుమకొండ కేంద్రంగా ఉన్న మన ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ లైన్‌మన్ సహాయం పనికివస్తుంది. కారులోని బ్యాటరీని చల్లబరచమనో, తెరిచి కరెంటు తీసేయమనో మాత్రం ఆయనను అడగకండి. అది ఆయన వృత్తికి సంబంధించినది కాదు, ఆయన రబ్బరు చేతితొడుగులు చూసి మొహమాటపెట్టడం ప్రమాదకరం.

మంట వస్తే నీళ్లు పోయకూడదన్న మాట తప్పు. లిథియం అన్న పేరు విని, నీటితో భగ్గుమనే లోహం అందులో ఉందని చాలామంది అనుకుంటారు. ఈ బ్యాటరీలలో ఉండేది లోహపు ముద్ద కాదు, లిథియం సమ్మేళనాలు. అగ్నిమాపక సిబ్బంది వాడేది నీటినే, ఎందుకంటే సెల్స్ వేడిని లాగేయగల వస్తువు అంత చౌకగా, అంత విరివిగా మరొకటి లేదు. పౌడర్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు సీటుకో తీగకో అంటిన చిన్న మంటను ఆర్పుతాయి గానీ బ్యాటరీ లోపలి వేడిని తగ్గించలేవు. ఇసుక కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. చిక్కల్లా పరిమాణం దగ్గరే వస్తుంది. అమెరికా కంపెనీ టెస్లా తన కార్ల బ్యాటరీ మంట ఆర్పడానికి కనీసం 3,000 గ్యాలన్లు, అంటే 11,000 లీటర్లకు పైగా నీరు కావాలని సహాయక సిబ్బందికి ఇచ్చిన పుస్తకంలో రాసింది. మన దగ్గర మామూలుగా కనిపించే ఫైరింజన్ ట్యాంకు సుమారు 4,500 లీటర్లది. కనుక ఫోన్ చేసినప్పుడే ఎలక్ట్రిక్ కారు అని చెబితే, వచ్చేవారు రెండో బండికో, నీటి ట్యాంకరుకో ముందే ఏర్పాటు చేసుకుంటారు. మీ షెడ్డుకు దగ్గరలో వ్యవసాయ బోరు, పెద్ద తొట్టి ఎక్కడ ఉన్నాయో వారికి చూపగలిగితే అది నిజమైన సహాయం. మీరు మాత్రం బకెట్లతో కారు దగ్గరికి పోవద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. జేబురుమాలు, తడి తువాలు దాన్ని ఆపలేవు. మరొక సంగతి, అడుగు నుంచి వచ్చే తెల్లని ఆవిరిని చూసి మంట చల్లారుతోందని చాలామంది పొరబడతారు. నిజానికి అది సెల్స్ నుంచి వెలువడే మండే వాయువు కావచ్చు, మూసిన గదిలో పేరుకుంటే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది.

మూసిన గది అన్న మాట ఊరికే రాయలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పొగ మెట్ల మీదుగా పై అంతస్తుల లాడ్జిలోకి ఎక్కడంతో ఎనిమిది మంది చనిపోయారు. హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గుద్దుకున్న స్కూటర్లను మూలకు నెట్టి, వాటి మీద పాత పరుపులు వేసి వదిలేయడం చూసినప్పుడల్లా ఈ రెండు ఘటనలు గుర్తుకు రావలసిందే.

లాక్కురావడం గురించి. ఎలక్ట్రిక్ కారులో మోటారు చక్రాలకు ఎప్పుడూ కలిసే ఉంటుంది, పెట్రోలు బండిలో లాగా న్యూట్రల్ వేసి విడదీయడం చాలా నమూనాలలో కుదరదు. ఆ చక్రాలు నేల మీద తిరిగితే మోటారు జనరేటరుగా మారి కరెంటు పుట్టిస్తుంది, దెబ్బతిన్న వైరింగులోకి ఆ కరెంటు చేరితే వేడి, మంట రెండూ సాధ్యమే. మీరు ముందు భాగం లేపి తెచ్చారు. ఆ కారు ముందు చక్రాలతో నడిచేదైతే ఈసారికి పెద్ద నష్టం జరిగి ఉండదు. వెనుక మోటారు ఉన్నదైనా, నాలుగు చక్రాలతో నడిచేదైనా మాత్రం అది చేయకూడని పని. ఏ కారు ఏ రకమో రోడ్డు మీద, చీకట్లో, పోలీసులు తొందరపెడుతుండగా తేల్చుకోవడం కష్టం కాబట్టి, ఆకుపచ్చ ప్లేటు కనిపిస్తే బల్ల లారీయే అన్న నియమం పెట్టుకోండి. మీ దగ్గర లేకపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి చెప్పి తెప్పించమని అడగవచ్చు. లారీ మీదికి ఎక్కించడానికి వించ్‌తో మనిషి నడక వేగాన లాగితే సరిపోతుంది. గొలుసునుగానీ జాకీనిగానీ బ్యాటరీ పెట్టె కింద తగిలించకండి, జాకీ పెట్టే చోట్లు కారు అంచుల వెంట గుర్తులతో ఉంటాయి. లారీ వెనుక కొంచెం ఎడంగా ఒక మనిషి బైకు మీద వస్తూ పొగ కనిపిస్తున్నదేమో చూడాలి. దారిలో పొగ మొదలైతే లారీని ఊళ్లోకో పెట్రోలు బంకులోకో తిప్పకుండా, ఖాళీ చేను పక్కన ఆపి డ్రైవరు దూరం పోవాలి.

కారును ఆరుబయట పెట్టాక అద్దాలు, తలుపులు కొంచెం తెరిచి ఉంచితే వాయువు లోపల పేరుకోదు. టార్పాలిన్ బిగించి కప్పకండి. రోజుకు రెండుమూడుసార్లు దూరం నుంచే పొగ, వాసన, చప్పుడు గమనించండి. సర్వేయర్ వస్తే ఫొటోలు తీసుకోనివ్వండి గానీ, స్క్రీన్‌లో కిలోమీటర్లు చూడాలని కారును ఆన్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. కంపెనీ సర్వీస్ కేంద్రంలో 1,000 వోల్టులకు సరిపోయే ఇన్సులేటెడ్ చేతితొడుగులతో పనిచేసే శిక్షణ పొందిన టెక్నీషియన్లు ఉంటారు, బ్యాటరీని పరీక్షించడం, అందులోని శక్తిని ఖాళీ చేయడం వారి పని. పోలీసు స్టేషన్ ఆవరణలో పెట్టమని మీకు ఆదేశం వస్తే, అక్కడ కేసుల బండ్లు ఒకదానికొకటి ఆనుకొని, మధ్యలో ఎండుగడ్డి మొలిచి ఉంటుందన్న విషయం మీకు నాకన్నా బాగా తెలుసు. ఇది ఎలక్ట్రిక్ కారు అనీ, అడుగుభాగం నలిగిందనీ, విడిగా 15 మీటర్ల జాగా అవసరమనీ ఒక కాగితం మీద రాసి స్టేషన్ అధికారికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఇది తగువు కోసం కాదు, తర్వాతి షిఫ్టులో వచ్చే సెంట్రీకి ఆ సంగతి చేరడం కోసం.

అన్ని కంపెనీల బండ్లకు ఇవే వివరాలు అచ్చంగా వర్తించవు. చిన్న బ్యాటరీ ఎక్కడ ఉంది, సిబ్బంది కోయవలసిన తీగ ఏది, నారింజ కేబుళ్లు ఏ దారిన వెళుతున్నాయి అన్నవి చూపే ఒకటి రెండు పేజీల బొమ్మల పత్రాన్ని చాలా కంపెనీలు విడుదల చేస్తాయి. దాన్ని రెస్క్యూ షీట్ అంటారు. మీ దారిలో ఎక్కువగా తిరిగే నాలుగైదు నమూనాల షీట్లు ముద్రించి క్రేన్ క్యాబిన్‌లో పెట్టుకుంటే, స్టేషన్ ఘన్‌పూర్‌లోనో కాజీపేటలోనో ప్రమాదం జరిగినప్పుడు ఫైరింజన్ సిబ్బందికి కూడా అవి ఉపయోగపడతాయి. ఇప్పుడు వరంగల్ నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా నడుస్తున్నాయి. వాటి బ్యాటరీ కార్లకన్నా ఎన్నో రెట్లు పెద్దది, కొన్ని బస్సులలో అది పైకప్పు మీద కూడా ఉంటుంది. కాబట్టి బస్సును క్రేన్‌తో కదిలించే పని డిపో సాంకేతిక సిబ్బంది వచ్చేదాకా మీరు మీద వేసుకోవద్దు.

చివరగా మునిగిన స్కూటర్లు. 2023 జులై వరదల్లో హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్లలోకి నీరు చేరినప్పుడు బండ్లు గంటల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. నీళ్లలో ఉన్న ఎలక్ట్రిక్ బండి చుట్టుపక్కల నీటికి షాక్ ఎక్కిస్తుందన్న భయం దాదాపుగా నిరాధారం. అసలు చిక్కు నీరు తీసిన తర్వాత వస్తుంది. బ్యాటరీ పెట్టె మీద ఐపీ67 అని రాసి ఉందని యజమానులు ధీమాగా చెబుతారు. ఆ గుర్తుకు అర్థం మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని, అదీ పరీక్షశాలలో, కొత్త పెట్టెకు. రెండేళ్లు గుంతల్లో ఎగిరి సీళ్లు వదులైన పెట్టె రాత్రంతా బురదనీటిలో ఉంటే లోపలికి తడి చేరదని ఎవరూ హామీ ఇవ్వలేరు. చేరిన తడి సర్క్యూట్ బోర్డును తుప్పు పట్టించి, కొన్ని రోజుల తర్వాత షార్ట్ చేయవచ్చు. కాబట్టి పనిచేస్తుందో లేదో చూద్దామని చార్జింగ్ పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎండలో ఆరబెట్టడం, హీట్ గన్‌తో వేడిగాలి కొట్టడం, పెట్టె విప్పి గుడ్డతో తుడవడం కూడా చేయకూడదు. బండిని ఆన్ చేయకుండా, షెడ్డుకు దూరంగా ఆరుబయట నిలిపి, కంపెనీ సర్వీసుకు కబురు పెట్టండి. బ్యాటరీని ఊడదీసి ఇంటికి తీసుకుపోతానని యజమాని అంటే ఒప్పుకోకండి, మేడ మీది గదిలో అది అంటుకుంటే దిగే దారి కూడా ఉండదు. పాత రకం లెడ్ యాసిడ్ బండ్లలో మంట భయం తక్కువే గానీ, యాసిడ్ కారితే చేతులు, కళ్లు కాలుతాయి, జాగ్రత్త.

ఆ బ్యాటరీలను పాత సామాన్ల వాళ్లకు తూకానికి అమ్మకండి, వాళ్లు సెల్స్ కోసం సుత్తితో పగలగొడతారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే కాబట్టి, డీలరుకు అప్పగించి, బ్యాటరీ మీది సీరియల్ నంబరుతో రసీదు రాయించుకొని, ఒక ప్రతి బండి యజమానికి ఇవ్వండి.